పడ్డ బండి

ఫెర్మిన్ షెడ్డులో వెయ్యి సీసీ ఎర్ర బండి
దుప్పటి కప్పుకుని పడుకుంది.
కొస ఎత్తి చూశాను.
"అది నీకేమీ నేర్పదు," అన్నాడు స్పానరు తుడుస్తూ,
"నీ తప్పుల్ని దాచిపెడుతుంది.
తిన్నటి దారిలో అందరూ వీరులే.
లెక్క అడిగేది వంపు."

మూలన ఇంకొకటి. మూడువందల సీసీ.
అద్దాల్లేవు. హెడ్‌లైటు చోట తెల్ల స్టిక్కరు.
కుడి పక్కంతా గీతలు,
బ్రేకు లివరు కొస విరిగి పొట్టిదైంది.
నాలుగుసార్లు పడిందట.
"పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, బండ్లూ అంతే.
మిగిలిన డబ్బు టైర్లకి దాచుకో,
తోలు సూటుకి దాచుకో."

నలభై మూడేళ్ళు నాకు.
తెల్లవారుజామున మూడింటికి పిండి పిసికే చేతులు.
పెద్ద ఓవెన్ కొన్న ఏడాది
ఎన్ని రొట్టెలు మాడ్చానో
ఫెర్మిన్‌కి చెప్పలేదు.

ఎక్కి కూర్చున్నాను.
రెండు పాదాలూ నేలకి ఆనాయి.
ట్యాంకు పక్కన రంగు అరిగిన చోట
నా మోకాలు సరిగ్గా ఒదిగింది.
ఎవరిదీ అరుగు?
"ఒలాయాది. పదిహేడేళ్ళప్పుడు
దీనిమీదే మొదలుపెట్టింది.
ఆ ఎర్రది ఇప్పుడు ఆమెదే, అమ్మకానికి కాదు."

ఆదివారం. నవర్రా కొండగాలి.
మూడో వంపులో ఊపిరి తీయడం మరిచిపోయాను.
నన్ను దాటిపోయినవాళ్ళు పదకొండుమంది,
లెక్కపెట్టాను, సిగ్గేముంది.
పన్నెండోది ఎర్రది.
పోతూ పోతూ
కాలు చాచి పలకరించింది.

హ్యాండిలు వదిలే ధైర్యం లేక
హెల్మెట్ లోపల
గట్టిగా "ఓయ్" అన్నాను.