అగస్త్యుడు పొడిచాక

ఆగస్టు చివర్లో, కోడి కూయని తెల్లవారుజామున
దక్షిణాన ఇసుక అంచు మీదికి వేలు చూపించి
"సుహైల్" అన్నాడు బిన్ రహ్మా.
నేను చూసి, అగస్త్యుడు కదా అనుకున్నాను.
ఆయన పొడిస్తే వాగులో బురద
అడుక్కి దిగుతుందని మా జేజి చెప్పేది.
ఇక్కడ వాగు లేదు.
దిగేది ఎండ ఒక్కటే,
అదీ పిసినారి చెయ్యి జేబులోకి దిగినట్టు
రోజుకి గోరంత.

ఆనాటినుంచి మదీనత్ జాయెద్ నడక మారింది.
టైర్ల కొట్టు ముందు బండ్ల వరస.
గడ్డాలు నెరిసినవాళ్ళు పిల్లల్లాగా
డేరా మేకులు లెక్కపెట్టుకుంటున్నారు.
ఏసీ గదిలో ఆర్నెల్లు ఈకలు రాల్చుకున్న ఘైమా
కొత్త రెక్కలతో పీటెక్కి కూచుని
నన్నెప్పుడూ ఎరగనట్టు చూసింది.

దీన్ని డేగ అంటే నేనొప్పుకోను.
సాళువ.
అది రాజుల ఇంటిపేరని బళ్ళో అయ్యోరు చెప్పాడు.
ఆ రాజు బరువెంతో ఇన్నాళ్ళకి
నా ఎడమ ముంజేతికి తెలిసింది:
కిలో మీద కాస్త.
దీనికి పాస్‌పోర్టు ఉంది.
అది నా చొక్కా జేబులోనే ఉంటుంది.
నాది ఎక్కడుందో అడక్కండి.

నవంబరు. పొగమంచు విడీవిడని పొద్దు.
రిమ్త్ పొదల మధ్య బండి ఆగింది.
ఘానిమ్ కళ్ళకి బైనాక్యులర్లు,
దిల్‌మురాద్ చేతి మీద ముసుగేసిన ఘైమా,
వెనకసీట్లో నేను, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు.
ఎవరికీ ఏమీ కనపడలేదు.
నాకు నడక కనపడింది.

రెండడుగులు వేసి
అప్పిచ్చినవాడు ఎదురైనట్టు ఆగిపోవడం,
మెడ నిలబెట్టి ఎటో చూస్తున్నట్టు నటించడం.
రోళ్ళపాడు బీళ్ళలో గొర్రెల వెనక తిరిగిన కళ్ళకి
ఇంకొకరు చెప్పాలా?
బట్టమేక పిట్ట.
కాదు, దాని చిన్నమ్మ కూతురు. పొట్టిది, ఇసుక రంగుది.
ఆ పిట్ట గుడ్డు పెట్టుకోవాలని
మా నాయన మందని ఆ గడ్డిలోంచి తోలేశారొకప్పుడు.
ఇప్పుడు గడ్డి ఉందంట.
పిట్ట లేదంట.

ఆలోచన ఇంతదాకా రాకముందే
చెయ్యి లేచిపోయింది.
"వేన్, మద్దీ, వేన్?"
అదిగో, అన్నాను.

ముసుగు తీశారు.
ఘైమా ఆకాశం జోలికి పోలేదు.
నీడ ముందు పోయి, తాను వెనక పోయినట్టు
పొదల నెత్తులు నిమురుకుంటూ పోయింది.
హుబారా లేచింది, పక్కకి ఒరిగింది,
తోకెత్తి ఒక్క చిమ్ము చిమ్మింది.
పచ్చటి జిగురు, రాజుగారి మొహం నిండా, రెక్క నిండా.
ఘైమా దొర్లి ముళ్ళలో కూలబడింది.
ఎవరూ నవ్వలేదు.
దిల్‌మురాద్ మీసం మాత్రం కాస్త కదిలింది.

ఉత్తరానికి పిట్ట చిన్నదై, ఇంకా చిన్నదై,
కాలికున్న కడియం ఒకసారి తళుక్కుమంది.
అదీ ఫారంలో గుడ్డు పగిలినదే,
వేటకని లెక్కపెట్టి వదిలినదే.
ఆ సంగతి దానికెవరూ చెప్పలేదు కాబోలు,
అచ్చం అడవిపిట్టలాగే పోయింది.

రాత్రి మంట పక్కన, గోరువెచ్చని నీళ్ళతో
ఒక్కో ఈకా కడుగుతుంటే తెలిసింది,
కుడి రెక్కలో నాలుగోది సగానికి విరిగిందని.
దిల్‌మురాద్ రేకు డబ్బా తెరిచాడు.
పోయిన వేసవిలో రాలినవన్నీ ఉన్నాయందులో
పాత పేపర్లో చుట్టి, కుడివి కుడిగా, ఎడమవి ఎడమగా.
వెదురు పుల్లని సూదంత చెక్కి, జిగురు ముంచి
నిరుటి ఈకని ఈ ఏటి మోడులోకి దింపాడు.
వేలితో తడిమినా అతుకు దొరకలేదు నాకు.
ఘైమా రెక్క విదిలించుకుంది,
ఏమీ జరగనట్టే.

ఘానిమ్ వచ్చి, ఖర్జూరాల పళ్ళెం నా వైపు జరిపి
"నీ కళ్ళు మంచివి మద్దిలేటీ" అన్నాడు.
మొదటిసారి పూర్తి పేరు.
"రేపు ఎటు పోదాం?"

నేను కాఫీ వంపాను.
గిన్నె అంచు దాకా కాదు, వాళ్ళ పద్ధతిలో కొంచెమే.
దక్షిణానికి, అన్నాను,
చుక్క పొడిచే వైపు.

మంటకి అవతల
ఆ మీసం మళ్ళీ కదిలింది.