అరసెకను గాలి

మూడు బటన్లు చాలన్నాడు బొహుస్లావ్ స్క్లెనార్:
మొదలు, ఆపు, మళ్ళీ.
నలభై యేళ్ళు చర్చి ఆర్గన్లకు శ్రుతి దిద్దిన వేళ్ళు
నా మౌస్‌ను ముట్టుకోడానికి జంకాయి.
ఒలొమౌత్స్‌లో ఫిబ్రవరి. ట్రాము తీగల మీద మంచు.
బల్ల మీద బూట్ల డబ్బా,
డబ్బాలో పదకొండు మెమరీ కార్డులు,
వాటిలో మూడొందల పన్నెండు ఫైళ్ళు.
ఒక్కదానికీ పేరు లేదు.
అన్నీ అంకెలే, ఖైదీల చొక్కాల మీదిలా.

ప్లేయర్ రాయడం ఏమంత పని కాదు.
ఒక కిటికీ గీశాను, కిటికీలో ఒక జాబితా.
శబ్దాన్ని విప్పే కష్టమంతా లైబ్రరీదే.
పుస్తకం ఒక్కటీ లేని లైబ్రరీ,
నేనెన్నడూ చూడని ఎవరెవరో
రాత్రుళ్ళు కూర్చుని రాసిపెట్టిన పనితనం.
పొరుగింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకున్నట్టు
నాలుగు పంక్తుల్లో తెచ్చుకున్నాను.
మొదటి పూట స్వరం పలకగానే కిటికీ బిగుసుకుపోయింది:
వినిపించడాన్నీ, కనిపించడాన్నీ
ఒకే దారానికి కట్టాను మరి.
రెండుగా విడదీశాక
ఆపు అంటే ఆగింది.

ఇంకా సమయం మిగిలింది.
కాస్త మర్యాద నేర్పుదామనిపించింది దానికి.
ఫైలు మొదట్లో టప్పుమనకుండా
అరసెకను పాటు సున్నా నుంచి మెల్లగా లేచేలా
ఒక పంక్తి చేర్చాను,
అందరూ పడుకున్న ఇంట్లో తలుపు తీసినట్టు.

శనివారం వచ్చి కోటు విప్పకుండానే కూర్చున్నాడు.
ఒకటోది. రెండోది. తొమ్మిదోది.
తల అడ్డంగా ఊపాడు. "ఇవి నావి కావు."
కార్డులు మీవే కదండీ!
"స్వరాలు నేను దిద్దినవే, అందుకే అన్నీ ఒక్కలాగే ఉంటాయి.
ఊరు తెలిసేది స్వరంలో కాదు ఒటీలా,
దానికి ముందు."
బుగ్గలు పూరించి చూపించాడు.
తోలుతిత్తి నిండేటప్పుడు
హోర్కాలో ముసలి పిల్లిలా గురగుర.
లిపినాలో పెట్టె పలక కిర్రుమంటుంది.
ఇంకోచోట ఎలుక కొరికిన బెజ్జం,
సన్నగా ఈల వేస్తుంది, ఫాదర్ తనే వేశాడని ఊరంతా నవ్వేది.
"నీ యంత్రం ఊపిరి మింగేస్తోంది."

రెండు రాత్రులు లైబ్రరీని తిట్టాను.
ఆడలేక మద్దెల ఓడన్నట్టు
స్పీకర్లను తిట్టాను, కార్డులను తిట్టాను,
డబ్బాకు అంటిన పాత జిగురును కూడా.
మూడో రాత్రి కనబడింది
నా మర్యాద పంక్తి.
రాయడానికి గంట పట్టింది,
చెరపడానికి ఒక్క మీట.

టప్.
తర్వాత గాలి.
ఆయన కళ్ళు మూసుకున్నాడు. "హోర్కా."
టప్. "లిపినా, కొత్త తోలు వేసిన ఏడు."
టప్. "ఇది కాలిపోయింది. అయినా రాయి."
ఆయన చెబుతుంటే నేను కొట్టాను, టీ రెండుసార్లు చల్లారింది.

ఖొలినా ఊరు సి దగ్గర నిలబడితే
ఆయన వేలు హెచ్ కింద తడుముకుంది.
మా అక్షరమాలలో ఆ రెండూ కలిసి ఒకటే అక్షరం,
హెచ్ పక్కన దాని పీట.
యంత్రానికి ఆ సంగతి చెప్పడానికి
ఇంకో రాత్రి.

మూడొందల పన్నెండోది నాలుగు సెకన్లే.
స్వరం లేదు.
తీసేద్దామా అన్నాను.
మళ్ళీ నొక్కాడు. చెవి స్పీకరుకు ఆనించాడు.
మళ్ళీ.
"లిపినా రోడ్డు మీద బస్టాపు.
రికార్డరు పనిచేస్తోందో లేదోనని చూసుకున్నా.
ఆ రోజు బస్సు రాలేదు."

చర్చి అన్న గడిలో
బస్టాపు అని కొట్టాను.
తేదీ?
"చలిగా ఉందని రాయి," అన్నాడు.
ఆ గడి అంకెలు తప్ప పుచ్చుకోదు.
రేపు మార్చాలి.