ఇంకా నూకలున్నాయి

షిప్‌యార్డులో కాంట్రాక్టు అయిపోయిన రోజున
వెల్డింగు కళ్ళద్దాలు మేకుకి తగిలించి
గరిటె పట్టాను.
కనకలత తెల్లారకుండానే
అచ్యుతాపురం బస్సెక్కి పోతుంది,
బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడానికి.
కంచరపాలెం ఒంటిగదిలో మిగిలేది
నేనూ, స్టవ్వూ, మా అత్త అసిరమ్మా.

అత్తకి పైన రెండు పళ్ళు, కింద ఒకటి.
ఆ మూడూ ఎప్పుడూ ఎదురుపడవు,
మాటల్లేని తోడికోడళ్ళలా.

మెట్టు దగ్గర పళ్ళ డాక్టరు
చీటీ మీద పద్నాలుగు వేలని రాసి
చుట్టూ సున్నా చుట్టాడు.
ఆ చీటీ మడిచి మెంతుల డబ్బా అడుగున వేశాను.
ఇక మిగిలిన ప్రతి రూపాయీ
దాని నెత్తి మీదే పడాలి.

రైతు బజారుకి పొద్దున్న పోను.
దీపాలు పెట్టే వేళకి
వంకాయలు కేజీల్లోంచి కుప్పల్లోకి దిగుతాయి.
తోటకూర తల వాల్చేస్తుంది;
నీళ్ళు చల్లితే లేస్తుంది, మనిషికన్నా నయం.
ఆనపకాయ ముక్కలు పులుసుకి, తొక్కు పచ్చడికి,
ముచ్చిక ఒక్కటే వీధి మేకకి.
హార్బర్లో కవ్వళ్ళు దండిగా పడ్డ రోజున
వందకి సంచి నిండుతుంది.
చింతపండు పులుసులో గంటసేపు మగ్గితే
ముల్లు కూడా వెన్నవుతుంది గానీ
గంటసేపు గ్యాసు ఎవడిస్తాడు?
పాత పెయింటు డబ్బా కోసి, అతికి,
రంపప్పొట్టు పొయ్యి చేశాను.
నా చేతి వెల్డింగు చూసి
కనకలత ఆ రాత్రి పొయ్యినే చాలాసేపు నిమిరింది.

బియ్యం మానేసి నూకలు తెచ్చిన రోజున
భయపడుతూ వడ్డించాను.
అత్త వేలితో మెదిపి చూసి
"నూకలేటి అల్లుడా?
అయితే నాకింకా బూమ్మీద ఉన్నట్టేలే" అంది.
ముగ్గురం నవ్వాం. ముగ్గురికీ అదే జావ,
అదే మెత్తటి పప్పు, అదే నలిగిన కూర.
ఒకరి నోటికి సరిపడా వండితే
ముగ్గురి కడుపులూ సర్దుకున్నాయి.

అన్నం మాత్రం మాడనివ్వలేదు ఏనాడూ.
అడుగంటితే పిడికెడు పోయినట్టే కదా,
కుండ పక్కనే కూర్చుని కలిపేవాణ్ణి.

ఒక్క ఆదివారం మనసాగక
ఆర్కే బీచికి తీసుకెళ్ళి
మురీ మిక్చర్ కొన్నాను, ముప్ఫై రూపాయలు.
మరమరాలు నోట్లో నానబెట్టుకుని
నిమ్మరసం బాగుందంది అత్త.
పల్లీలు మాత్రం ఏరి ఏరి
ఒక్కొక్కటే నా అరచేతిలో పెట్టింది.
అలల వైపు చూస్తూ తిన్నాను వాటిని.
రుచి గుర్తులేదు.

నవంబరు వాయుగుండంలో
కనకలతకి పది రోజులు జ్వరం.
మెంతుల డబ్బాలో
చీటీ మళ్ళీ కనపడింది.
దాని మీద సున్నా అలాగే ఉంది,
గుండ్రంగా, నోరు తెరుచుకుని.

మళ్ళీ మొదలుపెట్టాం.
గంజి వార్చి ఉప్పేసుకు తాగాం.
నాలుగు మిరపకాయలు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి.
నేను గాజువాకలో గేట్లు అతికే పనికి
వారానికి రెండ్రోజులు పోయాను.

మామిడిపూత వేళకి
అత్త నోట్లో రెండు వరసలూ కూర్చున్నాయి.
స్టీలు కంచం తిప్పి చూసుకుంది,
ఎవరిదో పెళ్ళి చూసినట్టు.

"ఏం తింటావత్తా? కోడికూరా?
జీడిపిక్కలా? తేగలా?"
డబ్బాలో ఇంకా నూట అరవై ఉన్నాయి, సంచి తీశాను.

"మాడు" అంది.
"కుండ అడుగున మాడుచెక్క.
ఎన్నాళ్ళయిందో తిని. నువ్వు మాడనివ్వవు కదా."

సంచి కింద పెట్టి పొయ్యి దగ్గర నిలబడ్డాను.
నీళ్ళు ఇంకిపోతున్నాయి.
చెయ్యి గరిటె వైపు పోయింది,
వెనక్కి లాక్కున్నాను.
చిటపట మొదలైంది.
గది నిండా కమ్మటి కమురు,
కనకలత కిటికీ తెరవబోయి ఆగింది.

అట్లకాడతో గీకి, ఉప్పూ కారం నూనె చుక్కా రాసి ఇచ్చాను.
కొరికింది. పై వరస జారింది.
బొటనవేలితో పైకి నొక్కి
మళ్ళీ కొరికింది.

కర్.

"గట్టిగున్నాదిరా" అంది.
"ఇంకోటెయ్యి."