మెరవని చుక్క

గూడూరులో ఆ రాత్రి మళ్ళీ ఎడమ పక్క మూగబోయింది.
కుడి స్పీకరులో నాదస్వరం, నిండు పెళ్ళిపందిరి.
ఎడమ స్పీకరులో
గోడ కవతల ఎవరో దగ్గుతున్నట్టు.

బిస్కెట్ డబ్బా మూతకు చిల్లులు పొడిచి
నేనే కట్టుకున్న పెట్టె ఇది.
రెండు గాజు వాల్వులు, రిచీ స్ట్రీటులో
సాయంత్రం బండి టైమయ్యేదాకా బేరమాడి తెచ్చినవి.
రికార్డు గాడిలో ముల్లు చేసే సవ్వడి చీమ నడకంత.
దాన్ని ఏనుగు నడక చెయ్యాలి గదా,
మధ్యలో ఎక్కడ తప్పటడుగు పడినా
అదీ ఏనుగంతే అవుతుంది.

ముందు వాల్వుల్ని అటుదిటు మార్చాను.
జబ్బు కదల్లేదు.
అద్దె ఎగ్గొట్టి ఇల్లు ఖాళీ చెయ్యనివాడిలా
ఎడమలోనే కూర్చుంది.

తర్వాత అభ్రకం కెపాసిటర్ మీద అనుమానపడ్డాను.
పాత మిలిటరీ సెట్టులోది, గోధుమరంగు బిళ్ళ,
వయసులో నాకన్నా పెద్దది.
పీకుతుంటే మా అమ్మ మస్తానమ్మ మంచం మీంచి అంది,
"అభ్రకం మీద నెపం పెట్టబాకురా."

సైదాపురం రోడ్డు షెడ్డులో ముప్పయ్యేళ్ళు
రేకులు చీల్చిన మనిషి.
కిటికీ వెలుగుకు పట్టి, మరకున్నది ఒక గంపకి,
మరకలేనిది ఇంకో గంపకి.
ఆమె కొంగు దులిపితే మా వంటింటి నేల మెరిసేది.
అన్నంలో కూడా ఒక్కోసారి.

కొత్త బిళ్ళ వేశాను. అదే దగ్గు.
అమ్మ అటు తిరిగి పడుకుంది, ఏమీ అనకుండా.
అది అనడం కన్నా ఎక్కువ.

ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని
కుడిచేత్తోనే మీటరు సూది ఆనించాలి.
టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కోటిరత్నం గారు నేర్పిన పద్ధతి.
"రెండు చేతులూ పెట్టావో, గుండె మీదుగా పోతుంది నాయనా."
స్విచ్ తీసినా లోపలి కరెంటు చావదు,
అలిగినవాళ్ళ మాటలాగా
ఎవరో తాకేదాకా దాచిపెట్టుకుంటుంది.

కుడి ప్లేటు నూట యాభై రెండు.
ఎడమ ప్లేటు రెండు వందల ముప్పై ఎనిమిది.
ఎడమ వాల్వు వెలుగుతోంది గాని
పని చెయ్యడం లేదు.
మేస్త్రీ వస్తే పార పట్టుకుని నిలబడే కూలీ వాటం.

కాథోడు కాడ సూది ఆనించాను,
ఇదేందబ్బా, నాదస్వరం వచ్చేసింది!
తీస్తే పోయింది. ఆనిస్తే వచ్చింది.
ఆసుపత్రి గడప తొక్కగానే తగ్గే కడుపునొప్పి.
ఆ ట్యాగు చుట్టూ ఆరు అతుకులున్నాయి,
ఏది ముట్టుకున్నా ఆరూ కదులుతాయి.
చీపురుపుల్లతో ఒక్కోటీ తట్టాను.
అన్నీ నిజమే చెప్పాయి, లేదా అన్నీ అబద్ధం.

ఒంటిగంటకి అమ్మ లేచింది.
దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని
డబ్బాని నా చేతిలోంచి లాక్కోబోయింది.
"ఉండమ్మా" అని ప్లగ్గు పీకి, రెసిస్టరుతో లోపలి కరెంటు దించి ఇచ్చాను.
టార్చిలైటు కింద వంచి, ఇటు వంచి,
చాటలో బియ్యం చూసినట్టు.

"ఇది."
"ఏది?"
"మిగతాయి మెరస్తా ఉండాయి.
ఇది చచ్చిన చేప కన్ను."

సీసపు చుక్క. బూడిదరంగు.
కరెంటు పోయిన రాత్రి పెట్టినది.
ఆరిపోతున్న ఇనుముతోనే, రేపటిదాకా ఆగలేక,
అంటుకుందిలే అనుకున్నది.
తీగ చుట్టూ వెంట్రుకంత సందు.

గుగ్గిలం పొగ లేచింది.
చుక్క కరిగి, ఒక్కసారి వణికి,
పరుచుకుని మెరిసింది.

వాల్వులు వేడెక్కడానికి అరనిమిషం పడుతుంది.
ఇద్దరం మాట్లాడుకోలేదు.
తర్వాత గది మధ్యలో, గాల్లో,
ఎవరూ లేనిచోట నిలబడి వాయించాడు నాదస్వరమాయన.
అడుగున సన్నటి హోరు ఇంకా ఉంది.
దాని సంగతి రేపు.

"వచ్చిందా?" అడిగింది అమ్మ.
ఆమె ఎడమచెవిని షెడ్డులో పంచింగు మిషను
ఎప్పుడో తినేసింది.
"వచ్చిందమ్మా" అన్నాను.

నమ్మకుండా వెళ్ళి
ఎడమ స్పీకరు గుడ్డ మీద అరచెయ్యి పెట్టింది,
పిల్లాడికి జ్వరం చూసినట్టు.