తిరుగు తేదీ

జెట్టీ వెనక సందులో మా ఐసు ఫ్యాక్టరీ.
ఆఫీసంటే ఒక బల్ల, తడి ఊక వాసన,
ఏడాది పొడుగునా చెమర్చే గోడ.
గూట్లో పదకొండు బాకీల పుస్తకాలు,
ఉప్పుగాలికి మెత్తబడిన అప్పడాల్లా.

షావుకారు కోడలు హిమజ
లాప్‌టాప్ నా ముందు తెరిచి పెట్టింది.
"కోడింగు రానక్కర్లేదు పైడితల్లక్కా,
మాట వస్తే చాలు."

మాటకేం కరువు.
చేపల వేలంపాటలో పెరిగినదాన్ని.

"బోటుకి ఐసు ఇత్తాం. ఏటకెల్లి ఒచ్చినాక డబ్బులిత్తారు.
అదీ మా యాపారం. కట్టు" అన్నాను.

కట్టింది.
టీ చల్లారలేదు, తెర మీద గడులు లేచాయి.
బోటు పేరు, సరంగు పేరు, దిమ్మలెన్ని, రేటెంత,
వెళ్ళిన తేదీ, తిరుగు తేదీ.
అడుగున పంతులుగారి తెలుగులో ఓ ప్రశ్న:
"చెల్లింపు ఆలస్యమైన పక్షంలో ఏమి చేయవలెను?"

ఏం చేస్తాం.
జెట్టీ మీద ఎదురైతే
"ఏటి బావా, మర్సిపోనావేటి" అంటాం.
"ఈసారి కోనాలు పడనేదే" అంటాడు.
మర్నాడు బల్ల మీద నాలుగు పీతలుంటాయి.
పీతల్ని ఏ గడిలో రాయాలి?
"ఓ మాట అడుగుతాం" అని మాత్రం కొట్టాను.
దాన్నది "మర్యాదపూర్వక జ్ఞాపిక" అనే బొత్తాం చేసింది.
ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

తప్పులూ చేసింది.
"రెండు దిమ్మలూ ఓ గమేళా" అంటే
గమేళా అనే బోటును పుట్టించింది.
సరంగు లేకుండానే వేటకి పంపి
దాని నెత్తిన మూడొందల బాకీ కూడా వేసింది.
చెరిపెయ్యమని చెప్పాలి, రేపు.

పాత పుస్తకాలు ఎక్కించడం మొదలెట్టాను.
దానయ్య గారి చేతిరాత, చీమల బారు.
నా ముందు ఈ బల్ల ఆయనది.
ఆరో పుస్తకం నుంచి
ప్రతి పుస్తకంలో మొదటి వరస ఒకటే:
నూకాలు బోటు, సరంగు సూరాడ బంగారి, నలభై దిమ్మలు.
వెళ్ళిన తేదీ ఉంది.
పక్కన ఏమీ లేదు. గీత కూడా లేదు.

ఎందుకు మళ్ళీ మళ్ళీ రాస్తారని ఓసారి అడిగితే
పెన్నుకి మూత పెట్టి టీకి వెళ్ళిపోయాడాయన.

ఇప్పుడు తెర మీద ఎర్రగా వచ్చింది:
"తిరుగు తేదీ గడి ఖాళీగా ఉండరాదు."
మంచిదే, దారులు కూడా చూపించింది.
రద్దు చేయాలా? నేటి తేదీ వేయాలా?
మొండి బకాయిల్లో చేర్చాలా?

కొండ మీద లైట్‌హౌస్ వెలుగు
కిటికీలోకి వచ్చింది, పోయింది.
మళ్ళీ వచ్చింది.
క్రషరు ఆగిపోయి
దిమ్మల నుంచి నీళ్ళు కారే చప్పుడొకటే మిగిలింది.

నా భాషలోనే కొట్టాను:
"ఆ గడి కాళీగా ఉండనీ. ఎర్రగా అరవకు.
ఎవుర్నీ అడగొద్దు. కొట్టీయొద్దు.
కొత్త పుస్తకం మొదలెట్టినపుడల్లా
ముందర ఆ వరస రాయి."

మూడు చుక్కలు కాసేపు ఊగాయి.
"అర్థమైంది. ఈ నియమానికి పేరు పెట్టండి."

అన్నేళ్ళు నోరు విప్పని మనిషి పేరు పెట్టాను.

వేట నిషేధం తీరిన రాత్రి
బోట్లన్నీ ఒక్కసారి ఐసుకి మీదపడ్డాయి.
హిమజ ఇంట్లోంచే లెక్క చూసుకుంటోంది.
పీతల గడి ఇంకా కుదరలేదు.

తెల్లారగట్ల బంగారి పెళ్ళాం కాసులమ్మ వచ్చింది,
నెత్తి మీద ఖాళీ తట్టతో.
ఎప్పటిలాగే ఏమీ అడగలేదు.
సగం దిమ్మ కొట్టి తట్టలో వేశాను.

టింగుమంది.
"బోటు పేరు?"

గమేళా, అని నొక్కాను.
అదీ ఇంకా తిరిగి రాలేదు.