కీచురాళ్ళు ఏ వైపున

ష్కువోల్ ఊళ్ళో బాల్ట్సర్ దుకాణానికి
తలుపు గంట లేదు.
ఉన్నా తనకు వినపడదని
పోయినేడు పీకేశాడు.
మనం వెళ్ళి కౌంటరు మీద అరచేత్తో చరచాలి.
చెక్కలోంచి ఆయన మోచేతికి కబురందుతుంది.

జూన్, శనివారం. నా పసుపుపచ్చ బస్సుకి సెలవు.
అక్క కూతురు లదీనాకి పదహారేళ్ళు,
వచ్చే వారం నుంచి
మూడువందల మీటర్ల గురి నేర్పే తరగతి.
రైఫిల్ వాళ్ళే ఇస్తారు. చెవులు మాత్రం
ఎవరివి వాళ్ళే కాచుకోవాలి.

"పాటలొచ్చేదే కావాలి" అంది లదీనా,
దారి పొడుగునా నా చెవిలో ఇల్లు కట్టుకుని.
"పాట వింటూ గురి చూస్తావా?"
"గురి చూసేటప్పుడు కాదు, వంతు కోసం కూచున్నప్పుడు."
దానికి నా దగ్గర జవాబు లేదు.
గంటన్నర కూచోబెడతారు, నాకు తెలుసు.

బాల్ట్సర్ నాలుగు జతలు పరిచాడు,
బోర్లించిన గిన్నెల్లా.

మొదటిది అందగత్తె. ఎర్రటి ఎరుపు, పాట తేనెలా కారుతుంది.
కానీ డొప్ప లావు.
చెంప తుపాకీ మడమకు ఆనించగానే
కొయ్యకు తగిలి పక్కకు లేస్తుంది.
"ఈ సందు చాలు" అన్నాడు, చిటికెన వేలి గోరు చూపించి,
"తలుపు తీసిపెట్టి గొళ్ళెం గురించి బెంగపడ్డట్టే."

రెండోది పలచనే, మెత్త మాత్రం గట్టిది.
లదీనా కళ్ళజోడు కాడ కింద
గాలికి దారి మిగిలింది.

మూడోదాని మైకులో మా లోయ గాలంతా దూరి
కొలిమి తిత్తిలా హోరు.
పైగా చప్పుడు మించితే మొత్తంగా నోరు మూసుకుంటుంది,
అరక్షణం పోతే గానీ తేరుకోదు.
ఆ అరక్షణంలో ఎవరైనా "ఆపండి" అంటే?

పెట్టెల మీద డెసిబెళ్ళు చదివాను, ఇరవై రెండు, ఇరవై ఏడు.
ధరలు ఇంకాస్త బిగ్గరగా చదివాను.
ఆయన నా పెదాలు చూసి నవ్వాడు:
"చవకది కొను, నాలాగా.
నాది మరీ చవక. సైన్యంలో తూటా పెట్టెలోంచి
చించుకున్న గుడ్డ పీలికలు."

కుడి భుజానికి ఆనించేవాడు గనక
గొట్టం వైపు తిరిగిన ఎడమ చెవి ముందు పోయిందట.
గూబ గుయ్యిమందట.
అందరికీ అంతే అనుకున్నారట,
రాత్రి ఓ గుక్క సారాతో సర్దుకుందనుకున్నారట.
ఆ గుయ్యి నలభై ఒక్క ఏళ్ళుగా
అద్దె కట్టకుండా అక్కడే కాపురముంటోంది.

నాలుగోది బూడిద రంగు. జెల్ మెత్త.
రెండు చిన్న బ్యాటరీలు, మూత కాస్త బిగువు.
పేల్చేటప్పుడు లోపల నురగ బిరడాలు కూడా పెట్టుకోమన్నాడు.
"ఇప్పుడు ఉత్తదే పెట్టుకుని పెరట్లోకి వెళ్ళు.
పాట ఆపు. బయటి చప్పుడు పెంచు."

పెరట్లో ఇంకా కొయ్యని గడ్డి, నడుము దాకా.
లదీనా మీట తిప్పింది.
"పిన్నీ, ఎన్ నది ఇంత దగ్గరా?"
నా బూటు లేసు రాపిడి వినిపిస్తోందట.
ఎదురింటావిడ చెంచా జారవిడిచిందట.
"ఇంకా... ఈ గడ్డి నిండా కీచురాళ్ళు!"

బాల్ట్సర్ చెయ్యి చాచాడు.
ఆయన తలకు సరిపోవాలని కాడ లాగాం.
మీట ఆఖరి దాకా తిప్పుకుని
వెళ్ళిపోయిన బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు.
అలాంటివాళ్ళను వెనక అద్దంలో
నేను చాలామందిని చూశాను.

నీళ్ళు వినపడ్డాయన్నాడు. నా బూటు కూడా, కొంచెం.
"అవి మాత్రం లేవు" అన్నాడు.
"సన్నటివి ముందు పోతాయి."

నూట ఎనభై ఫ్రాంకులు ఇచ్చేశాను, బేరం మర్చిపోయి.
చిల్లర లెక్క చూసుకుని తల తిప్పితే
వాళ్ళిద్దరూ ఇంకా గడ్డిలోనే.
ఆయన అడుగుతున్నాడు: "ఏ వైపున?"
లదీనా కళ్ళు మూసుకుని వేలు చాపింది.
కంచె దగ్గర. ఎడమగా. ఇంకొంచెం కిందికి.
బాల్ట్సర్ ఆ వేలి కొస వెంట
ఒక కన్ను సగం మూసి చూస్తున్నాడు,
ఊపిరి బిగబట్టి.