గీత దాకా

కాశీబుగ్గలో జీడిపిక్కల పొగ
బట్టలకే కాదు, ముక్కులకీ పడతాది.
నా తుమ్ములకి కొన్న సిరప్పు
సగం మిగిలి గూట్లో ఉండిపోనాది,
ఎర్రగా, రేగుపండు వాసనేస్తూ.

అది తాగిన రోజే
పిక్క కొట్టే కత్తి దగ్గర కునుకు పట్టి
బొటనవేలు తెగింది.
కాబట్టి, తెలీక పోశానని చెప్పను.

గుంటడికి ఏడాదిన్నర.
ముక్కు మూసుకుపోయి, పాలు లాగలేక ఒకటే ఏడుపు.
పదింటికి నా షిఫ్టు.
కొలత మూత ఎంత వెతికినా కనబడలేదు,
పులుసు చెంచాతో పోసీసాను.
జలుబు తగ్గడానికి ఒకటి.
రెండోది?
రెండోది నా కోసం.

తెల్లారి వచ్చీసరికి
లేపితే లేవడు,
మెడ తోటకూర కాడలా వాలిపోతాది.
దాలమ్మ కొడుకు ఆటో.
రైలు గేటు పడింది.
ఒళ్ళో వాడి ఊపిరి లెక్కపెడుతూ
ఒకటి దగ్గరే ఆగిపోయి, మళ్ళీ ఒకటి.

సాయంత్రానికి కళ్ళు తెరిచాడు.
నర్సు హేమసుందరి తిట్టలేదు.
తిడితే బాగుణ్ణు.
సీసా తిప్పి చిన్నక్షరాల మీద వేలు పెట్టింది:
"పెద్దోళ్ళ మందు
చెంచా తగ్గించినంత మాత్రాన
పిల్లల మందు అయిపోదమ్మా.
ఇంత చిన్నోడికి ఏది పోయాలన్నా
ముందు మమ్మల్ని అడుగు."

ఇప్పుడు సీసా దూలం మీద.
మూత నిన్న దొరికింది.
మా పెద్దది ఝాన్సీ గుమ్మంలో కూచుని
లక్కపిడతల మధ్య
బొమ్మకి ఇసుక మందు పోస్తోంది,
ఒక కన్ను మూసి,
సరిగ్గా గీత దాకా.